ఆగే చోటు

ప్రయాణం కట్టిన ఆడదాన్ని మా మహమ్మద్ నగర్‌లో ముందుగా అడిగే మాట ఒకటే. "రాత్రికి యాడుంటవ్?" ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు అన్నవి ఆ తర్వాతి సంగతులు. మగవాళ్ళని ఈ మాట అడగగా నేను వినలేదు. వాళ్ళు బస్టాండు బెంచీ మీద కునుకు తీస్తారు, లారీ క్యాబిన్‌లో ఒరుగుతారు, కులం ఒప్పుకుంటే గుడి మంటపంలో నడుం వాలుస్తారు. ఆడవాళ్ళకి మాత్రం చుట్టాలిల్లు కావాలి. చుట్టాలున్నంత మేరకే మన భూగోళం. నిజాంసాగర్ కాలువ నీళ్ళు తాగి పెరిగి, బాన్సువాడలో ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన నేను అరవై ఏళ్ళ దాకా ఆ భూగోళంలోనే తిరిగాను.

2024 జూన్‌లో డెన్వర్‌లో ఉన్న మా అమ్మాయి "ఈసారి ఇంటినే వెంట తీసుకుపోదాం అమ్మా" అన్నప్పుడు అందుకే అంత ఇష్టంగా వినిపించింది. ఆర్‌వీ అంటారు వాళ్ళు. నా భాషలో బండి ఇల్లు. పన్నెండు రోజులు, మూడు నేషనల్ పార్కులు: రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్. నలుగురం బయల్దేరాం. అమ్మాయి, అల్లుడు, నేను, అల్లుడి వాళ్ళమ్మ. ఆమెది బోధన్ వైపు. ఒకరినొకరం వదినా అనుకుంటాం గానీ, పిల్లనిచ్చినదానికీ పిల్లవాడి తల్లికీ మధ్య ఎంత దూరం పాటించాలో మనందరికీ తెలుసు. ఆ దూరం పాటించడానికి పాతిక అడుగుల బండిలో చోటు లేదు.

డ్రైవరు తలమీద ఒక మంచం, వెనక ఒక మంచం, మధ్యలో బల్ల దించితే మూడోది. రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఒక్కరు నిలబడితే నిండిపోయే వంటగది. మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు కాబట్టి అమ్మాయీ అల్లుడూ వంతులేసుకున్నారు. ఈ బళ్ళ ప్రకటనల్లో మగవాడు స్టీరింగు దగ్గర, ఆడది కాఫీ కప్పుతో కిటికీ దగ్గర ఉంటారు. ఆ కాఫీ ఎవరు కాచారో, కప్పు ఎవరు కడుగుతారో బొమ్మలో ఉండదు. ఇంటిని వెంట తీసుకుపోవడమంటే ఇంటి చాకిరీని కూడా వెంట తీసుకుపోవడమని మొదటి పూటకే అర్థమయింది. పైగా ఇక్కడ నీళ్ళకి లెక్క ఉంది. ట్యాంకులో ఉన్నవే నీళ్ళు. నాలుగు కంచాలు కడిగితే సూది కిందికి జరుగుతుంది. రాత్రి పూట జనరేటరు వేయకూడదు, కాబట్టి రైస్ కుక్కరు పని చెయ్యదు. పప్పూ బియ్యం కలిపి కిచిడీ వండి, ఒకే గిన్నెలో కలుపుకుని తినడం మూడో రోజుకి అలవాటయింది. అదీ మంచికే. ఇల్లు చిన్నదైతే వంట కూడా చిన్నదవుతుంది.

అసలు కష్టం వంటది కాదు, రాత్రికి ఆగే చోటు దొరకడం. మా ఊరి ప్రశ్న నన్ను అక్కడ కూడా వదల్లేదు.

బండి మనదే, ఇల్లు మనదే, ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చు అనుకుంటాం. అలా కుదరదు. పార్కుల లోపల రోడ్డు పక్కన బండి ఆపి పడుకోవడానికి వీల్లేదు. క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి. అక్కడ నంబరు వేసిన స్థలాలుంటాయి. ఒక్కోదానికి బండి ఆపుకునే జాగా, ఒక చెక్క బల్ల, నెగడు వేసుకునే ఇనప వలయం. ఈ స్థలాల్లో చాలావాటిని సరిగ్గా ఆరు నెలల ముందు కంప్యూటర్లో బుక్ చేసుకోవాలి. ఎల్లోస్టోన్‌లో కొన్నింటికి అంతకన్నా ముందే. మా అమ్మాయి డిసెంబరులో పొద్దున ఎనిమిదింటికి తన ఫోనూ అల్లుడి ల్యాప్‌టాపూ ముందు పెట్టుకుని కూర్చునేదట. గేటు తెరిచిన రెండు నిమిషాల్లో అన్నీ అయిపోయేవట. ఎల్లోస్టోన్‌లో 12 క్యాంప్‌గ్రౌండ్లు, రెండు వేలకు పైగా స్థలాలు ఉన్నాయి. కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ బండికి తగిలించుకునే వసతి మాత్రం ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఒక్క చోటే ఉంది. అక్కడ గుడ్డ డేరాలు వేయనివ్వరు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే తావు కాబట్టి గట్టి గోడలున్న బళ్ళకే అనుమతి.

పార్కులో దొరక్కపోతే బయట ప్రైవేటు క్యాంపులున్నాయి. అన్ని వసతులూ ఉంటాయి, రేటూ అలాగే ఉంటుంది. అదీ కాదంటే నేషనల్ ఫారెస్టులు, ప్రభుత్వ భూములు. వాటిలో చాలాచోట్ల ఊరికే ఆగొచ్చు. నీళ్ళుండవు, దొడ్డి ఉండదు, సాధారణంగా 14 రోజులకి మించి ఉండకూడదు. ఆరు నెలల ముందు సెలవు ఖాయం చేసుకోగలిగే ఉద్యోగం, క్రెడిట్ కార్డు, మంచి ఇంటర్నెట్టు ఉన్నవాళ్ళకి ఒక రకం స్థలం. లేనివాళ్ళకి ఇంకో రకం. అడవి అందరిదీ అంటారు గానీ అడవికి కూడా వరసలున్నాయి.

ఈ క్యాంప్‌గ్రౌండ్లు ఎవరు కట్టారని అడిగాను. అడగడం నా వృత్తి. ఒకప్పుడు జనం కార్లలో వచ్చి చెట్ల కిందే ఎక్కడంటే అక్కడ ఆపుకునేవారు. చక్రాల కింద నేల గట్టిపడి వేళ్ళకి ఊపిరాడక చెట్లు చచ్చిపోతున్నాయని మైనెకి అనే వృక్షరోగ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. ఒకేవైపు తిరిగే గుండ్రని దారి, దాని పక్కన ఒక్కో బండికి ఒక్కో జేబులాంటి చోటు అనే నమూనాని 1932లో ఆయన ప్రతిపాదించాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933 నుంచి 1942 దాకా, రూజ్వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పేరుతో నిరుద్యోగ యువకుల చేత అలాంటివి దేశమంతా కట్టించింది. దాదాపు 30 లక్షల మంది అందులో పనిచేశారు. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి కూడా అలాంటి శిబిరాలుండాలని ఎలినార్ రూజ్వెల్ట్ పట్టుబడితే పత్రికలు వాటిని ఎగతాళి చేశాయి. చివరికి వాటిలో చోటు దొరికింది దాదాపు 8,500 మందికి. ఆకలి ఇద్దరిదీ అయినా అడవిలో పనీ కూలీ ఒకరికే దక్కాయి.

ఆ స్థలాలు కూడా అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్కులో 1939లో నల్లవాళ్ళ కోసం విడిగా లూయిస్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్ తెరిచారు. వేరు బావి, వేరు గ్లాసు తెలిసిన మనకి దీన్ని వివరించాల్సిన పని లేదు. నల్లవాళ్ళు రాత్రికి ఎక్కడ ఆగొచ్చో చెప్పే గ్రీన్ బుక్ అనే పుస్తకం 1936 నుంచి మూడు దశాబ్దాల పాటు వెలువడింది. మా ఊరి ఆడవాళ్ళ ప్రశ్నకి అక్కడ ఒక జాతి మొత్తం పుస్తకం వేసుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఇంతా తెలిసి కూడా, రాకీ మౌంటెన్ పార్కులో మొదటి రాత్రి నాకు కలిగిన సంతోషాన్ని తక్కువ చేసి చెప్పలేను. పది దాటింది. ఆ వేళ నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. నేనూ వదినా శాలువాలు కప్పుకుని బయట బల్ల దగ్గర కూర్చున్నాం. పైన్ చెట్ల మధ్య నుంచి చుక్కలు. కాస్త దూరంలో నీళ్ళ నల్లా, లైటు వెలిగే మరుగుదొడ్డి. ఎవరి తాలూకు, ఎవరి భార్య, మగదిక్కు ఎవరు అని అడిగినవాళ్ళు లేరు. స్థలం నంబరు చాలు. రాత్రి పూట ఆకాశం కింద ఊరికే కూర్చోవడం నా అరవై ఏళ్ళలో అదే మొదలు. "మా ఇంట్ల డాబా మీద గూడ గింతసేపు కూసోలే వదినా," అంది ఆమె. మా మధ్య దూరం ఆ చలిలో కొంచెం తగ్గింది.

మర్నాడు అది మళ్ళీ పెరిగింది. బండి ఇంటికి మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళది, సబ్బునీళ్ళది, దొడ్డిది. రెండు మూడు రోజులకోసారి డంప్ స్టేషన్‌కి వెళ్ళి, లావు గొట్టం తగిలించి, దొడ్డి ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత సబ్బునీళ్ళు వదిలితే గొట్టం శుభ్రమవుతుంది. ఎవరి బండిది వాళ్ళే. డబ్బిచ్చి పిలవడానికి అక్కడ మనిషి లేడు. అల్లుడు చేతులకి తొడుగులు వేసుకుని దిగాడు. వదిన కిటికీలోంచి చూసి గబగబా దిగింది. "నువ్వు గా పని చేసుడేందిరా? మన ఇంట్ల ఎవ్వరన్న చేసిండ్రా?" అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆమె చూపు నా మీదికీ మా అమ్మాయి మీదికీ తిరిగింది. కొడుకు చేత దొడ్డి ఎత్తించే కోడలు. నా గుండె దడదడలాడింది.

అమ్మాయి మెల్లగానే చెప్పింది. "అత్తమ్మా, ఇది మన నలుగురిదే. ఇంకెవరిదో కాదు. వంట చేసిన రోజు నేను చెయ్యను, అంతే."

వదిన ఆ పూట సరిగా తినలేదు. నేను బతిమాలలేదు. పిల్లనిచ్చినదాన్ని కాబట్టి సర్ది చెప్పడం నా వంతని ఎవరూ అనకపోయినా నాకు తెలుసు. ఆ పని ఆ పూట చెయ్యకూడదనుకున్నాను.

ఆ వరసలో నిలబడి చూస్తే ఒకటి కనిపించింది. గొట్టాలు పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. గంట ముందు గిన్నెలు కడిగినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మలం ఎత్తడం అక్కడ మగవాడి పని ఎందుకయింది? దానికి గొట్టం ఉంది, మీట ఉంది, తొడుగులున్నాయి, ఏ ట్యాంకు ముందు వదలాలో ఒక విద్య ఉంది. పనికి పరికరం, దాంతోపాటు గౌరవం కలిస్తే మగవాడు ముందుకొస్తాడు. మన దగ్గర అదే పనికి ఇచ్చింది రేకు ముక్కా గంపా. చేయించింది కులం. ఇళ్ళలోని పొడి దొడ్లు ఎత్తినవాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ లాంటివాళ్ళు జీవితమంతా పోరాడితే 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా మురుగు గుంతల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు.

నాలుగో రోజు రాత్రి వదిన తనంతట తనే ఎత్తుకుంది ఆ సంగతి. "మా తల్లిగారింట్ల దొడ్డి ఇంటెనక ఉండేది. పొద్దుగాల మేము లేవకముందే ఒకామె గంప దెచ్చుకొని వచ్చి పొయ్యేది. ఆమె పేరేందో నేనెన్నడు అడగలే. మా అమ్మ గూడ అడిగినట్టు లేదు." ఇంకేమీ అనలేదు. తర్వాతి డంప్ స్టేషన్ దగ్గర తొడుగులు తొడుక్కుని కొడుకు పక్కన నిలబడి గొట్టం చివర పట్టుకుంది.

డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్ దక్షిణ ద్వారానికి 800 కిలోమీటర్ల పైనే. మధ్యలో వ్యోమింగ్ రాష్ట్రం. ఊళ్ళు తక్కువ, గాలి ఎక్కువ. ఒక సాయంత్రం మేం అనుకున్న క్యాంప్‌గ్రౌండ్ నిండిపోయింది. తర్వాతిదీ నిండిపోయింది. చీకటి పడ్డాక ఒక చిన్న పట్టణంలో పెద్ద దుకాణం పార్కింగు స్థలంలో ఆపాం. ఒక్క రాత్రికి ఉండనిస్తారని అమ్మాయి లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. మా పక్కన ఒక పాత వ్యాను. అందులో డెబ్బై దాటిన ఒక తెల్లావిడ, ఒక పిల్లి. మా వంట వాసనకి పలకరించింది. కిచిడీ ఇస్తే తిన్నది. భర్త పోయాక ఇంటి అద్దె కట్టలేక నాలుగేళ్ళుగా వ్యానులోనే ఉంటోందట. వేసవి వస్తే క్యాంప్‌గ్రౌండ్లలో పనికి కుదురుతుంది. దొడ్లు కడగడం, నెగళ్ళ బూడిద ఎత్తడం, వచ్చినవాళ్ళకి స్థలం చూపించడం. రాత్రి కర్టెన్ల సందుల్లోంచి వెలుగు కనపడనివ్వొద్దని, మూడు రాత్రులకి మించి ఒకే చోట ఆగొద్దని తన విద్య నాకు చెప్పింది. పాత్రికేయురాలు జెస్సికా బ్రూడర్ 2017లో 'నొమాడ్‌లాండ్' అనే పుస్తకం రాసింది ఇలాంటివాళ్ళ గురించే. దాన్ని సినిమాగా తీసిన క్లోయీ జావో 2021లో ఉత్తమ దర్శకురాలిగా ఆస్కార్ అందుకుంది. ఆ అవార్డు పొందిన రెండో స్త్రీ ఆమె.

అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టిన చప్పుడు. మా తలుపు కాదు. టార్చిలైటు పట్టుకున్న కాపలా మనిషి ఆమెని లేపి వెళ్ళిపొమ్మంటున్నాడు. ఒకే తారు నేల, పక్కపక్కన రెండు బళ్ళు. మేం గోధుమరంగు చర్మంతో, పరాయి భాషతో ఉన్నా యాత్రికులం. కొత్త బండి, అద్దె కంపెనీ బొమ్మ దాని మీద. ఆమె ఆ దేశపు మనిషే అయినా ఇల్లు లేనిది. అమ్మాయి దిగి మాట్లాడేలోపే ఆమె ఇంజను స్టార్ట్ చేసింది. అలవాటైన పనిలా చేసింది.

మేం డెన్వర్ తిరిగి వచ్చాక, జూన్ 28న, అమెరికా సుప్రీంకోర్టు తీర్పొకటి వచ్చింది. ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే పట్టణం, బహిరంగ స్థలాల్లో దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్ళకి జరిమానాలు వేసింది. దాన్ని సవాలు చేసినవాళ్ళలో గ్లోరియా జాన్సన్ అనే ఆమె తన వ్యానులోనే బతుకుతున్న మనిషి. అలా శిక్షించడం రాజ్యాంగ విరుద్ధం కాదని ఆరుగురు న్యాయమూర్తులు అన్నారు. కాదన్న ముగ్గురూ స్త్రీలే. ఔనన్న ఆరుగురిలోనూ ఒక స్త్రీ ఉంది. అది కూడా గుర్తుంచుకోవాలి. స్త్రీ అయినంత మాత్రాన ఆగే చోటు లేనివాళ్ళ బాధ తెలిసిపోదు.

ఆ పార్కింగు రాత్రి మర్నాడు విండ్ రివర్ రిజర్వేషన్ మీదుగా వెళ్ళాం. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ ఒప్పందంతో తూర్పు షోషోనీలకి మిగిల్చిన నేల అది. తర్వాత అరాపాహోలని కూడా అక్కడికే చేర్చారు. ఫోర్ట్ వషాకీలో సకాజవియా పేరున సమాధి ఉంది. 1805లో లూయిస్, క్లార్క్ బృందంతో పాలు తాగే కొడుకుని వీపున కట్టుకుని పసిఫిక్ తీరం దాకా నడిచిన షోషోనీ పిల్ల. ఆమె 1884 దాకా బతికి ఇక్కడే కన్నుమూసిందని షోషోనీల నోటి చరిత్ర. 1812లోనే చనిపోయిందని ఒక గుమస్తా రాసిన కాగితం. చరిత్రకారులు ఎక్కువమంది కాగితాన్నే నమ్ముతారు. ఆ కాగితంలో ఆమె పేరు లేదు. ఫలానావాడి భార్య అని మాత్రం ఉంది.

నాకు ఆమె కథలో నచ్చేది వేరే ఘట్టం. 1805 నవంబరులో, చలికాలం ఎక్కడ విడిది చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు బృందంలో అందరి అభిప్రాయం తీసుకున్నారు. బానిసగా ఉన్న యార్క్ మాటా రాసుకున్నారు, ఆమె మాటా రాసుకున్నారు. తినే దుంపలు బాగా దొరికే చోట ఆగుదామంది ఆమె. అమెరికా రాజ్యాంగం స్త్రీలకి ఓటు హక్కు ఇచ్చింది 1920లో. ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో. అంతకు శతాబ్దం పైగా ముందు, ఎక్కడ ఆగాలి అని ఒక ఆదివాసీ స్త్రీని అడిగారు. ఆమె కూడు గురించి ఆలోచించి జవాబిచ్చింది. మనలో ఎంతమందిని ఇప్పటికీ ఆ మాట అడుగుతున్నారు?

ఎల్లోస్టోన్‌ని 1872 మార్చి 1న ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించారు. ప్రజల ఆనందం కోసం అని చట్టంలో ఉంది. ఆ కొండల్లో పెద్దకొమ్ముల గొర్రెల్ని వేటాడుతూ తరతరాలుగా మకాం వేసిన టుకుడికా షోషోనీలని ఆ దశాబ్దం చివరికల్లా బయటికి పంపించారు. వేడినీటి ఊటలంటే వాళ్ళకి భయమని, అందుకే అక్కడ ఉండేవాళ్ళు కాదని ప్రచారం చేశారు. ఇక్కడ నాకు మన దేశపు సంవత్సరం ఒకటి గుర్తొచ్చింది. సరిగ్గా ఏడాది ముందు, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. స్థిరంగా ఒకచోట ఉండని జాతులని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేయించింది. అక్కడ సరదాకి తిరిగేవాళ్ళ కోసం అడవి ఖాళీ చేయించారు. ఇక్కడ బతకడానికి తిరిగేవాళ్ళని పోలీసు రిజిస్టరులోకి ఎక్కించారు. ఒకే కాలం, ఒకే తెలివి.

మా బాన్సువాడ చుట్టూ ఎన్ని తండాలున్నాయో లెక్కలేదు. తండా అన్న మాటకి మొదటి అర్థం ఊరు కాదు, బిడారు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా నడిచిన లంబాడాల గుంపు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద బ్రిటిష్ వాళ్ళ గుత్తాధిపత్యం వచ్చి వాళ్ళ వ్యాపారం కూలిపోయింది. నిజాం రాజ్యంలో వాళ్ళ మీద ఎంత నిఘా నడిచిందో భంగ్యా భుక్యా 2010లో వెలువడిన తన ఇంగ్లీషు పుస్తకం 'సబ్జుగేటెడ్ నొమాడ్స్'లో వివరించారు. 1871 నాటి ముద్రని 1952లో గానీ తొలగించలేదు. ఆగడం నేరమైన చోట, బలవంతంగా ఆపేసినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళే తండాలు. నా దగ్గర చదువుకున్న లంబాడా ఆడపిల్లలకి ఈ సంగతి పాఠంలో ఎక్కడా లేదు.

అమెరికా వాళ్ళ నియమం కూడా మారింది. 2026 జనవరి 1 నుంచి ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, రాకీ మౌంటెన్ సహా 11 పార్కుల్లో విదేశీ యాత్రికులు మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. లేదంటే ఏడాది పాసు కొనాలి. అక్కడివాళ్ళకి అది 80 డాలర్లు, బయటివాళ్ళకి 250. ఇప్పుడు నేనూ వదినా వెళ్తే అమ్మాయి లెక్క వేసుకోవాల్సి వస్తుంది. ఎవరి అడవో తేల్చే గీత మళ్ళీ జరిగింది.

తిరిగొచ్చాక మా ఊళ్ళో నన్ను అందరూ గుడ్డెలుగుల గురించీ వేడినీటి ఊటల గురించీ అడిగారు. నా కళ్ళు మాత్రం ఊరి బయట చెరకు తోటల మీదికి పోయాయి. ఏటా కోతల కాలంలో మహారాష్ట్ర నుంచి కుటుంబాలు బళ్ళు కట్టుకుని వస్తాయి. మొగుడూ పెళ్ళామూ కలిసి ఒక జంట కూలీ. ఆ జంటని కోయితా అంటారు. కోయితా అంటే కొడవలి. బండి మీదే గిన్నెలు, గోధుమ పిండి, చంటిపిల్లలు. పొలం గట్టున ప్లాస్టిక్ పట్టా వంచి గుడిసె వేస్తారు. వీళ్ళదీ బండి ఇల్లే. నంబరు వేసిన స్థలం, నల్లా, లైటు, దొడ్డి మాత్రం లేవు. తెల్లవారకముందే ఆడవాళ్ళు చీకట్లో బయటికి పోవాలి. స్నానానికి మరుగు ఉండదు. నెలసరి వస్తే గుడ్డ మార్చుకునే చోటుండదు, పని మానితే జరిమానా. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ బీడ్ జిల్లాలో 82 వేలకు పైగా చెరకు కోత స్త్రీల వివరాలు తీస్తే వాళ్ళలో 13 వేలకు పైగా మందికి గర్భసంచి తీసేసి ఉంది. కారణాలు చాలా చెప్పారు. ఆగిన చోట నాలుగు తడకలూ ఒక బకెట్టు నీళ్ళూ లేకపోవడం వాటిలో ఒకటని నేను నమ్ముతాను. క్యాంప్‌గ్రౌండ్ అనేది షోకు కాదని, ఆడవాళ్ళ ఒంటికి సంబంధించిన సంగతని నాకు తెలిసింది ఇక్కడే.

అంతర్రాష్ట్ర వలస కార్మికులకి వసతి కల్పించాలని 1979 నాటి చట్టం చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో అది కలిసిపోయింది. పాత చట్టం ఉన్నన్నాళ్ళూ మా పొలం గట్ల దాకా అది నడిచి రావడం నేను చూడలేదు.

పోయిన కోతలప్పుడు మా పొలం పక్కన దిగిన ఒక ఆమెతో మాట్లాడాను. నా వయసులో సగం ఉంటుంది. ఏం కావాలమ్మా అంటే వచ్చీరాని తెలుగులో చెప్పింది. పెద్దవేమీ వద్దట. తానానికి మరుగు, ఒక నల్లా. సకాజవియా దుంపలు దొరికే చోటు అన్నట్టే చెప్పింది. అడిగినవాళ్ళు లేక గానీ, ఆగే చోటు ఎలా ఉండాలో ఆడవాళ్ళకి ఎప్పుడూ తెలుసు.

బోరు దగ్గర ఒక నల్లా పెట్టిద్దామని మా తమ్ముడితో అన్నాను. పొలం చూసేది అతనే. "ఇయ్యాల నల్లా అంటవు అక్కా. రేపు గా నీళ్ళు మరిగి ఈడనే ఉంటమంటే?" అన్నాడు. పద్నాలుగు రోజుల నియమం రాసినవాళ్ళ భయమూ, టార్చిలైటు పట్టుకుని వచ్చినవాడి భయమూ ఇదే. దారిన పోయేవాళ్ళు పోతూనే ఉండాలి. మన పని చేసిపెట్టి పోతే ఇంకా మంచిది.

"ఉంటే ఉండనీ," అన్నాను. "మనం ఉంటలేమా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ప్లంబర్‌ని పిలిచాడు. నల్లా బిగించాం. తడకలకి వెదురు తెప్పించాలి. ఈసారి కోతలు మొదలయ్యేలోపు అది కూడా అయిపోవాలి.